నాలుగు నిమిషాల్లో వస్తున్నారు

మొదటి రోజు. సాయంత్రం 5.40

ఈ క్యాంపు పుస్తకం నా భార్య హైమ రాసేది. పదకొండేళ్ళు తనే రాసింది. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు, టైము వెయ్యాలి. ఇవి తన నియమాలు. పోయినేటి చివరి పేజీ ఒక్కటే నా చేతిరాత. ఈ ఏడు మొదటి పేజీ నుంచీ నాదే.

బస్సు నాలుగున్నరకు వచ్చింది. పన్నెండు మంది పిల్లలు. ఒకే కప్పు కింద చల్లబరిచిన చలవ ఊరి నుంచి కొండ మీదికి ఆరు గంటల ప్రయాణం. ముగ్గురు వాంతులు చేసుకున్నారు. దిగగానే అందరూ చేసేది ఒకటే. కదలకుండా, గోడ ఏమైనా చెబుతుందేమోనని ఎదురుచూస్తారు. ఊళ్ళో వీళ్ళకు గోడలే దారి చెబుతాయి. కుర్చీలు వాటంతటవే నడుస్తాయి. ఇక్కడ గాలి తప్ప ఏదీ పలకదు. జుబేదాకు పన్నెండేళ్ళు, కాళ్ళలో కదలిక లేదు. ఇక్కడి కుర్చీ చక్రాలను చేతులతో తోసుకోవాలి. "ఇది క్యాంపా, శిక్షా మాస్టారూ?" అంది. పోయినేడూ ఇదే మాట అంది.

ఇందుజ కూడా రెండోసారి వచ్చింది. తొమ్మిదేళ్ళు. పుట్టుక నుంచీ చూపు లేదు. బస్సు దిగి చెయ్యి చాచి, హైమ కట్టిన తాడు ఎక్కడుందో తనే వెతుక్కుంది. ముడులు లెక్కపెట్టింది. ఒక ముడి తాడు వంటింటికి, రెండు ముడుల తాడు వాగుకు, మూడు ముడుల తాడు కేక రాయికి.

ఈ ఏడు కొత్తది కాపరి అనే యంత్రం. కార్యాలయం వాళ్ళు బిగించి వెళ్ళారు. ఆరు గుంజలు, వాటికి చెవులు, ఒక గొంతు. గుంజలు మనిషిని గొంతును బట్టి, అడుగుల చప్పుడును బట్టి గుర్తుపడతాయి. మా పిల్లల అడుగులు దాని నమూనాలకు అందవు కాబట్టి మాటకూ అడుగుకూ తేడా వస్తే మాటనే నమ్మేలా పెట్టామన్నారు. పట్టికలో మూడు గళ్ళు: లోపల, బయట, వస్తున్నారు. ఉదయం తొమ్మిదిన్నరకు "బయట" గడిలో ఎవరున్నా సైరన్ మోగుతుంది. పదికి తలుపులు మూసుకుంటాయి. మళ్ళీ నాలుగుకే. పది దాటాక, ఒంటిని చల్లగా ఉంచే చల్లకోటు లేకుండా ఎండలో పిల్లలు ముప్పావుగంట కంటే తట్టుకోలేరు. క్యాంపులో చల్లకోటు ఒక్కటే ఉంది.

మొదటి లెక్క: లోపల పద్నాలుగు. అంటే పిల్లలు, నేను, వంట చేసే నూకరత్నం. బయట సున్న. వస్తున్నారు ఒకరు.

బస్సులో ఇంకెవరైనా మిగిలారా అని చూశాను. లేరు.

రెండో రోజు. ఉదయం 8.15

మళ్ళీ అదే లెక్క. వస్తున్నారు ఒకరు. ఎవరని కాపరిని అడిగాను. పిల్లలు అంబలి తాగుతున్నారు. గొంతు తగ్గించమని చెప్పడం నాకు తట్టలేదు.

"హైమవతి గారు. కేక రాయి నుంచి వస్తున్నారు. నాలుగు నిమిషాలు" అంది.

చేతిలో గిన్నె కింద పెట్టాను. గేటు వైపు చూశాను. చూడకూడదని తెలుసు. చూశాను. నూకరత్నం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇందుజ మాత్రం తాగడం ఆపి తల ఒక పక్కకు వంచింది. తను వినేటప్పుడు అలాగే చేస్తుంది.

మధ్యాహ్నం 2.30. తలుపులు మూశాక కారణం వెతికాను. పాత పుస్తకాలన్నీ కాపరికి చదివించారట. పోయినేటి చివరి పేజీ తీశాను. "9.50. హైమకు కేక రాయి దగ్గర వడదెబ్బ. అక్కడే బండి ఎక్కించాం. పిల్లలకు వస్తానని చెప్పింది." అంతే రాసి ఉంది. బండి ఊరు చేరేలోపే ఏం జరిగిందో ఆ పుస్తకంలో లేదు. నేనే రాయలేదు.

ఆ వరుస కొట్టేయమని కార్యాలయానికి రాశాను. కొట్టేయాలంటే మనిషి చేరినట్టు నమోదు కావాలని జవాబు వచ్చింది. లెక్క సరిగానే ఉందన్నారు. గొంతు మాత్రం తగ్గించగలిగాను.

పిల్లలకు హైమ సంగతి ఎవరూ చెప్పలేదు. దుర్వార్తలు చెప్పరాదని కార్యాలయం ఉత్తరువు. నాకు అది సదుపాయంగానే ఉంది.

మూడో రోజు. సాయంత్రం 6.30

లెక్క ఇంకా పాడైంది. పొద్దున పిల్లలు వాగుకు బయలుదేరారు. గేటు దాటగానే వాళ్ళందరూ "బయట" గడిలోకి రావాలి. రాలేదు. పన్నెండు మందీ "వస్తున్నారు"లో పడ్డారు. వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నంత సేపూ కాపరి దృష్టిలో వాళ్ళు నాలుగు నిమిషాల దూరంలో ఇంటికి నడుస్తూనే ఉన్నారు. తిరిగి వచ్చాక "లోపల" అయ్యారు. నూకరత్నం వెదురు గుబురు దాకా వెళ్ళి వస్తే ఆమెకూ అంతే.

గుంజలు ఒక్కొక్కటే పరీక్షించాను. గేటు దగ్గర చెప్పి బయటికి నడిచాను, తిరిగి వచ్చాను. ఆరు గుంజల దగ్గరా ఆరుసార్లు. ప్రతిసారీ నా వరుస సరిగా పడింది. బయట, లోపల, బయట, లోపల. దోషం దొరకలేదు. ముప్పై ఏళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. దొరికిన దోషానికి ఎప్పుడూ భయపడలేదు. ఇది దొరకడం లేదు.

జుబేదా గేటు దగ్గర కూర్చుని నా రాకపోకలు చూసింది. మీ కాపరికి లెక్కలు రావు, మీరు ట్యూషన్ పెట్టండి అంది. నూకరత్నం కోపం వేరే. నేను ప్రతిసారీ "వెళ్తున్నాను" అన్నానట.

"ఎల్తన్నానని అంతారేటి మాస్టారూ, గుంటలు ఇంటన్నారు. వస్తానని అనండి."

నూకరత్నం మాటల్లో గుంటలంటే పిల్లలు. వస్తాననడం హైమ పెట్టిన అలవాటు. చలవ ఊళ్ళో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. గది నుంచి గదికి నడవాలే ఉంటాయి. మాట కూడా గోడల్లోంచి వెంటే వస్తుంది. వీడ్కోలు చెప్పే అవసరమే లేదు. గడప అంటే ఏమిటో ఈ పిల్లలకు ఇక్కడికి వచ్చాకే తెలుస్తుంది. గడప దాటే ప్రతివాళ్ళూ వెనక్కి తిరిగి "వస్తా" అని తీరాలని హైమ నేర్పింది. ఇప్పుడు నూకరత్నం గేటు దగ్గర నిలబడి అనిపిస్తుంది. అనని వాళ్ళకు బెల్లం ముక్క లేదు.

నేను ఆ మాట వాడి పదకొండు నెలలైంది.

నాలుగో రోజు. ఉదయం 9.05

కేక రాయికి ఎప్పుడు తీసుకెళ్తారని ఇందుజ అడిగింది. అక్కడ అరిస్తే రాయి తిరిగి అరుస్తుంది. ఊళ్ళో గోడలు చప్పుడు మింగేస్తాయి కాబట్టి ఈ పిల్లలకు అది వింత. ఇందుజకు వింత కంటే ఎక్కువ. కేక తిరిగి వచ్చే ఆలస్యాన్ని బట్టి రాయి ఎంత దూరమో చెబుతుంది. పోయినేడు పది అడుగుల తేడాలో చెప్పింది. "నువ్వు చెవులతో కొలుస్తావే" అని హైమ మురిసిపోయింది.

ఈ ఏడు ఎండ ముందే ముదిరింది, రాయి దగ్గరికి వెళ్ళడం లేదు అన్నాను. ఎండ నిజంగానే ముదిరింది. కారణం అది కాదు.

కాసేపు తాడు ముడి తడుముతూ నిలబడింది. "హైమ టీచరు వస్తానన్నారు కదా మాస్టారూ" అంది.

గిన్నెలు కడగాలి, పద అన్నాను.

మధ్యాహ్నం 12.20. కార్యాలయం నుంచి ఆదేశం. కాపరి ఉన్నచోట తాళ్ళు అక్కర్లేదు. కాళ్ళకు అడ్డం, ప్రమాదం. రెండు రోజుల్లో విప్పేయాలి.

సాయంత్రం 5.10. "వస్తున్నారు ఒకరు. నాలుగు నిమిషాలు." గొంతు తగ్గించినా గుంజ పక్కన నిలబడితే వినిపిస్తుంది. మూడో గుంజ పక్కన ఇందుజ నిలబడి ఉంది. పిలిచి లోపలికి తీసుకొచ్చాను. ఏం విన్నావని అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

ఐదో రోజు. ఉదయం 9.45

తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను. మూడు ముడుల తాడు ముందు తీసేద్దామని, అవతలి చివర నుంచి, రాయి వైపు నుంచి మొదలుపెట్టాను. ఎనిమిది చెట్లు, నలభై మీటర్లు విప్పాను. పది గంట కావస్తోందని ఆపి వచ్చేశాను. మిగతాది రేపు.

ఆరో రోజు

9.36. పిల్లలు స్నానాలు చేసి అంబలికి కూర్చున్నారు. తొమ్మిదిన్నరకు సైరన్ మోగలేదు. బయట సున్న. లోపల పదమూడు, వస్తున్నారు ఇద్దరు. ఆ మూడో గడిని నేను చదవడం మానేశాను. అందులో ఎప్పుడూ ఒక తప్పు ఉంటుంది కాబట్టి రెండో తప్పు కంటికి ఆనలేదు. లోపల పదమూడు అన్నదీ చూడలేదు.

పట్టికను నూకరత్నం ఏనాడూ నమ్మలేదు. గిన్నెలు లెక్కపెడుతుంది. పదకొండు ఖాళీ అయ్యాయి, ఒకటి నిండుగా ఉంది, మీద మీగడ కట్టింది. "ఇందుగుంట ఏదీ?" అంది.

9.38. కాపరి: "ఇందుజ వస్తోంది. మూడో గుంజ దాటింది. నాలుగు నిమిషాలు."

9.41. గేటు నుంచి మూడో గుంజ దాకా పరిగెత్తాను. పిల్ల లేదు. దారికి రెండు వైపులా పొదలు చూశాను. వాగులో దిగాను. నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయి. మోకాలి లోతు చాలు. రాళ్ళ కింద చేతులు పెట్టి వెతికాను. చేతికి మెత్తగా ఏదో తగిలింది. నాచు.

9.57. వెనక్కి వచ్చాను. ఈలోపు వచ్చేసిందేమో అనుకున్నాను. నిండు గిన్నె అలాగే ఉంది. జుబేదా కుర్చీని గడప మీద అడ్డంగా పెట్టి, తలుపు మూసుకోకుండా కాపు కాస్తోంది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. "ఇరవై నిమిషాల నుంచీ నాలుగు నిమిషాలే చెబుతోంది మాస్టారూ. ఇది రావడం కాదు" అంది. ఈసారి నవ్వలేదు.

10.00. గంట. తలుపు వచ్చి కుర్చీ చక్రానికి తగిలి ఆగింది.

10.01. పిల్ల వస్తోందని ఎలా తెలుసు అని కాపరిని అడిగాను. తనే చెప్పిందట. ఆ గొంతు వినిపించమన్నాను. 8.52, మూడో గుంజ. ముందు గుంజ అడిగింది: "ఎవరు?" తర్వాత ఇందుజ గొంతు, నెమ్మదిగా, మర్యాదగా.

"ఇందుజని. వస్తా."

నూకరత్నం వెంటనే అంది. "అది ఎల్లినోల మాట మాస్టారూ. వచ్చినోలు అలగ అనరు."

అప్పుడు కనిపించింది. పన్నెండు మంది పిల్లలు, నూకరత్నం, హైమ. అందరి వరుసలూ తప్పు, నా వరుస ఒక్కటే ఒప్పు. ఎందుకంటే ఈ కొండ మీద "వెళ్తున్నాను" అని వెళ్ళేది నేనొక్కడినే. కాపరి మాటలు నేర్చింది చలవ ఊళ్ళో. గడప లేని ఊళ్ళో. అక్కడ వస్తానన్నవాడు నిజంగా వస్తూనే ఉంటాడు. దోషం గుంజల్లో లేదు. ఆరుసార్లు పరీక్షించి ఆరుసార్లూ నేను తప్పు మనిషిని నడిపించాను.

పిల్ల ఇటు రావడం లేదు. గంటా తొమ్మిది నిమిషాల నుంచి అటు వెళ్తోంది. ఆ తాడు ఎక్కడ ఆగిపోతుందో నాకే తెలుసు.

10.04. చల్లకోటు చంకలో పెట్టుకున్నాను. గోనె తడిపి తల మీద వేసుకున్నాను. నీళ్ళ సీసా. కుర్చీ తప్పించమంటే జుబేదా తప్పించింది. నూకరత్నం తప్పుకోలేదు. తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అనండి" అంది.

టైము లేదన్నాను.

"మాట అనడానికి ఎంత సేపు మాస్టారూ? అమ్మగారు అనీసి రాలేదని మీరు మానేసినారు. నాకు తెల్దేటి? ఆ గుంట దగ్గరకి ఎల్తన్నానని చెప్పి మాత్రం ఎల్లకండి."

వెనక పదకొండు మంది పిల్లలు వింటున్నారు.

"వస్తాను" అన్నాను.

కాపరి వెంటనే అందుకుంది. "మాస్టారు వస్తున్నారు."

10.15. మూడో గుంజ. నేల బూట్ల అడుగు నుంచి కాలుతోంది. గాలి పీలిస్తే గొంతులో గీరుకుపోతోంది. తాడు పట్టుకున్నాను. వేడెక్కి ఉంది. దాని వెంట నడిచాను.

10.19. రాయి వైపు నుంచి కేక వినిపించింది. "టీచరూ." ఆడపిల్ల గొంతు. ఆగిపోయాను. రాసేది చూసింది, విన్నది మాత్రమే కాబట్టి రాస్తున్నాను: ఆ కొండలో నా భార్యను ఎవరో పిలుస్తున్నారు. రాయి దగ్గరికి పరిగెత్తాలనిపించింది. తర్వాత లెక్క గుర్తొచ్చింది. రాయి కేక వెయ్యదు, తిప్పి పంపుతుంది. అసలు గొంతు ఇంత దూరం రావడం లేదంటే నీరసించింది. రాయి దాన్ని పోగుచేసి నా వైపు పంపుతోంది. పిల్ల ఇవతలే ఉంది. తాడు మీదే ఉంది. తాడు వదల్లేదు.

10.23. తాడు చివర. విప్పిన కొస ఒక చేత్తో పట్టుకుని రాతి నేల మీద కూర్చుని ఉంది. చెట్టు ఉంది, ఆకులు లేవు. ముఖం ఎర్రగా ఉంది. పెదాలు పగిలాయి. తాడు అయిపోతే కదలకు, కూర్చో, కొస వదలకు. పోయినేడు హైమ నేర్పింది ఇది. ఆ నలభై మీటర్లు నేను విప్పకపోతే రాయి నీడకు చేరేది. ఇంకా ముందుకు నడిచి ఉంటే రాయి పక్కన లోయ ఉంది.

నీళ్ళు గుక్కగుక్కగా పట్టాను. గోనె తల మీద వేశాను. చల్లకోటు తొడిగాను. గుండీలు ఇందుజ తనే పెట్టుకుంది.

"టీచరు వచ్చారా మాస్టారూ?" అంది. "నాలుగు నిమిషాలంది. ఎదురెళ్దామని వచ్చాను."

అప్పుడు కూడా గిన్నెలు కడగాలి, పద అని తప్పించుకోవచ్చు.

"రాలేదు. రారు. పోయినేడే చనిపోయారు" అన్నాను.

సీసా మూత తిప్పుతూ ఉంది. "మరి వస్తానన్నారు?"

"వెళ్ళేటప్పుడు అందరం అదే అంటాం."

"నేనూ అన్నా, గుంజతో."

"విన్నాను. అందుకే దొరికావు."

వీపున ఎక్కించుకున్నాను. తాడు కొస వదలమంటే వదల్లేదు. చేతిలో జారుతూ ఉంటే పట్టుకునే ఉంది. చిరిగిన కొస ముక్క పిడికిట్లోనే మిగిలింది. మూడో గుంజ దగ్గర కాపరి "స్వాగతం మాస్టారూ, నాలుగు నిమిషాలు" అంది. పదమూడు పట్టింది. చివరి నూరు అడుగులు నాకు గుర్తు లేవు. నూకరత్నం తడి దుప్పటి పట్టుకుని ఎదురొచ్చిందని జుబేదా చెప్పింది.

10.52. లోపల పద్నాలుగు. గిన్నెలతో కూడా సరిచూశాం.

ఏడో రోజు. ఉదయం 7.30

ఇందుజ జ్వరం నూటొకటి. అరచేతుల మీద తాడు ఒరుసుకున్న గీతలు. నూకరత్నం వెన్న రాసింది. పక్క మంచం దగ్గర జుబేదా కుర్చీ వేసుకుని కాపలా. ఏడిస్తే ఏడువు కానీ గుంజతో మాత్రం మాట్లాడకు, అది తలతిక్కది అని చెబుతోంది. మిగతా పిల్లలకు హైమ సంగతి నేనే చెప్పాను. ఉత్తరువు ఉల్లంఘించినట్టు కార్యాలయానికీ రాశాను.

ఐదో రోజు రాతలో ఒక దిద్దుబాటు. పది గంట కావస్తోందని తాడు విప్పడం ఆపానని రాశాను. అబద్ధం. పదికి ఇంకా గంట టైము ఉంది. ఎనిమిదో చెట్టు దగ్గర హైమ ముడి నా గోటికి ఊడలేదు. ఊడదీయలేకపోయాను. పూర్తిగా విప్పి ఉంటే పిల్ల బయలుదేరేదే కాదు. అసలు విప్పకుండా ఉంటే నీడకు చేరేది. సగం విప్పాను.

తొమ్మిదో రోజు. సాయంత్రం 5.15

కార్యాలయం జవాబు వచ్చింది. కాపరికి ఆ మాట మళ్ళీ నేర్పాలంటే ఎనిమిది నెలలు పడుతుంది. అప్పటిదాకా గేటు దాటే పిల్లల చేత "వెళ్తున్నాను" అనిపించాలి. చదివి వినిపించాను. "ఆలచేత ఆ మాట నానెలగ అనిపిస్తాను మాస్టారూ? నోరొస్తాదేటి?" అంది నూకరత్నం. రాదనే జవాబు రాశాను.

తాళ్ళు ఉంటాయని కూడా రాశాను. అనుమతి అడగలేదు.

హైమ వరుస కొట్టేయడానికి ఒక కాగితం పంపారు. "ఈ వ్యక్తి రారు" అని అచ్చయి ఉంది. కింద సంతకం చెయ్యాలి. చేశాను. 3.40కి.

బస్సు నాలుగున్నరకు బయలుదేరింది. ఇందుజకు జ్వరం తగ్గింది. జరిగింది వాళ్ళ ఇంటికి చెప్పాను. వచ్చే ఏడు పంపుతారో లేదో తెలియదు. వాళ్ళ అమ్మ నాతో ఒక్క మాటే అంది: లెక్క ఎవరిది? నాదే అన్నాను. మెట్టు ఎక్కే ముందు ఇందుజ జేబులోంచి ఆ తాడు కొస ముక్క తీసి నా చేతికిచ్చింది. చెయ్యి ఎత్తి గుంజ ఎటుందో తడుముకుని, దానికి వీపు పెట్టి, నా వైపు తిరిగి "వస్తా" అని చెప్పింది. మిగతా పదకొండు మందీ చెప్పారు. జుబేదా కిటికీలోంచి గుంజ వైపే చూస్తూ గట్టిగా, కావాలని రెండుసార్లు అంది.

లోపల ఇద్దరు. బయట సున్న. వస్తున్నారు పన్నెండు మంది. నాలుగు నిమిషాలు.

బస్సు మలుపు తిరిగింది. తప్పుంటే దిద్దమని కాపరి అడిగింది. వద్దన్నాను.

ఎండ తగ్గింది. చీకటి పడేలోపు ఎనిమిది చెట్లూ కట్టేయొచ్చు. తాడు చుట్ట భుజాన వేసుకున్నాను. నూకరత్నం వాగు దగ్గర గిన్నెలు తోముతోంది. గేటు దగ్గర ఎవరూ లేరు. అయినా గడప మీద ఆగి, వెనక్కి తిరిగి, చెప్పి బయలుదేరాను.